తల్లి కుబుసం

మల్బరీ చిగురు కనబడగానే సావా గుడ్లు అంటిన కాగితాలను గుడ్డలో చుట్టి రొమ్ముల మధ్య పెట్టుకుని తిరిగేది. ఆ వెచ్చదనానికే పట్టుపురుగులు బయటికొచ్చేవి. ఆ ఊరి ఆడవాళ్లందరూ చేసే పనే అది. కాకపోతే సావాకి ఇంకొకటి అబ్బింది. పెరిగేలోగా పురుగులు నాలుగుసార్లు నిద్రపోతే తనూ నిద్రపోయేది, అవి కుబుసం విడిస్తే తనూ విడిచేది. కూతురు మిట్సుయె ఆ పొరను ఉతికి ఆరేసి, చిరిగిన కాగితపు తలుపులకు అతికించేది. షినానో కొండసీమ చలిగాలికి మామూలు కాగితం కంటే అదే బాగా ఆగేది.

మిట్సుయెది గుడ్లమ్మే ఇంట్లో పని. గుడ్లు పెట్టిన తల్లి పురుగును చిన్న రోట్లో నూరి, ఆ చుక్కను మైక్రోస్కోపు కింద చూడాలి. మెరిసే నువ్వుగింజల్లాంటివి కనబడితే తల్లికి రోగమున్నట్టే. అది పెట్టిన గుడ్లన్నీ పొయ్యిలోకే.

"మా అమ్మ కాలంలో పురుగులు చస్తే, ఏ బాలింతో గదిలోకొచ్చిందని తిట్టిపోసేవాళ్లే," అనేది సావా. "ఇప్పుడు మీ గాజుముక్క తిడుతోంది. అంతేగా తేడా?"

"గాజు అబద్ధమాడదమ్మా!"

ఆ పనితనం చూసే యజమానురాలు ఇకుయె తన రెండో కొడుకు షుంకిచికి మిట్సుయెను అడగడానికొచ్చింది. షుంకిచి ఎదురుపడితే మిట్సుయె చేతిలోంచి రోకలి జారేది. ఆ సంగతి వాకిట్లో కుక్కకు కూడా తెలుసు.

సావా పక్కగదిలో పురుగుల తట్టల మధ్య మూడో నిద్రలో ఉంది. ఇకుయె టీ తాగి, ఊరవేసిన ఆకుకూర కొరికి, తలుపు వంక చూసింది.

"తల్లిని చూడకుండా మేం గుడ్డు తీసుకోం. నీకు తెలియనిదా పిల్లా? వదినగారు లేచాక ఆ పొరలో కాస్త తెచ్చి చూడు. నీ మాటే మాట."

"నన్ను చూసుకోవచ్చు కదండీ?"

"గుడ్డును చూస్తే ఏం తెలుస్తుందే?"

నిద్ర లేచాక సావాయే ఒక ముక్క చింపి ఇచ్చింది. మిట్సుయె దాన్ని పనిచోటికి తీసుకెళ్లి నూరింది. చూసింది. నువ్వుగింజలు. "ఏమీ లేదండీ" అంటే చాలు, పెళ్లి అయిపోతుంది. ఇకుయె ఎదురుగా కూర్చుని చూస్తోంది.

"ఉన్నాయి," అంది మిట్సుయె.

ఇకుయె నిజంగానే ఏడ్చింది. అయినా పెళ్లి మాట మళ్లీ ఎత్తలేదు. కోతలయ్యాక షుంకిచికి వేరే పిల్లతో పెళ్లయింది.

ఆ ముక్క చూసిన రోజు ఇంటికొస్తే సావా, "లేదని చెప్పేస్తే పోయేదిగదటే పిచ్చిదానా!" అని తల నిమిరింది. ఆ తర్వాత నాలుగో నిద్రలోకి వెళ్లి మరి లేవలేదు.

మరుసటి వసంతంలో గుడ్ల కాగితాలు మిట్సుయె రొమ్ముల మధ్యకి చేరాయి. పురుగులతో పాటే ఆమెకూ నిద్రొచ్చింది, కుబుసమూ వచ్చింది. ఆమె దాన్ని ఉతకలేదు. పనిచోటికి తెచ్చి రోట్లో వేసి నూరింది.

ఏమీ లేదు. చుక్క మార్చి చూసింది. అప్పుడూ ఏమీ లేదు, నీళ్లలా తేటగా ఉంది.

రోగిష్టి తల్లి గుడ్లలోనూ మంచివి ఉంటాయని పట్టు పరిశోధనశాల వాళ్లు పని నేర్పిన రోజే చెప్పారు. ఏరే ఉపాయం ఇంకా దొరకలేదనీ, అందుకే అన్నీ కాల్చమనీ అన్నారు. అప్పుడామె తలూపింది.

"అక్కా, దీని తల్లికి రోగముంది," అంటూ పక్క బల్ల పిల్ల ఒక గుడ్ల కాగితం చేతికిచ్చింది.

మిట్సుయె పొయ్యి ముందు చాలాసేపు నిలబడింది. పని ఆగిపోతోందని వెనకనుంచి ఎవరో విసుక్కున్నారు. ఆమె కాగితాన్ని మంటలో వేసింది. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, ఆ వేళ గుడ్లు చిటపటమనడం ఆమెకు వినబడింది.