ఎదురింటి వసారా

పళ్లెంలో పొడి పిండి చల్లి, ముద్దను నడుమ పెట్టి, సుంకులమ్మ అరచేత్తో మొదటి దెబ్బ వేసింది. ఆ తర్వాత చేయి ఆగలేదు. దబ్, దబ్, దబ్. ముద్ద గుండ్రంగా తిరుగుతూ, వెడల్పవుతూ పళ్లెం అంచుదాకా పాకింది. దాన్ని రెండు చేతుల మీదికి ఎత్తి పెనం మీద పరిచి, పైన తడిగుడ్డతో తుడిచింది. పొయ్యిలో పత్తికట్టె చిటపటమంది. ఆదోనిలో ఆ వీధి వాళ్లకు తెల్లవారిందని చెప్పేది ఈ చప్పుడే.

మేడ మీద ఉండే బాలరాజుకు మాత్రం అది తన నెత్తిన కొట్టినట్టే ఉండేది. ఇల్లు అతనిది. తండ్రి పోయినప్పటి నుంచి కింది ముందుగది మీద కన్ను వేశాడు. అందులో బామ్మర్ది చేత సెల్‌ఫోన్ల దుకాణం పెట్టించాలి, గోడలకు టైల్స్ వేయించాలి. అడ్డమల్లా ఆ గదిలో జొన్నరొట్టెలు చేసి అమ్మే సుంకులమ్మ. ముందు మంచిగా చెప్పాడు, తర్వాత గొంతు పెంచాడు, కిందటి వారం కొళాయికి తాళం వేశాడు. మసిలే నీళ్లు పోసి కలపందే జొన్నపిండి మాట వినదనీ, పైన తడి తగలకపోతే రొట్టె పగిలిపోతుందనీ అతనికి బాగా తెలుసు. ఆ రొట్టెలు తినే కదా అంత ఒళ్లు పెంచాడు.

సుంకులమ్మ పొట్టి మనిషి. ఎడమ భుజం కన్నా కుడి భుజం కొంచెం లావు. అరచేతుల్లో గీతలు అరిగిపోయి నున్నగా అయ్యాయి. చేయి చూసి జాతకం చెబుతానని వచ్చిన ఆమె ఒకసారి ఆ చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసి, రెండు రొట్టెలు తిని వెళ్లిపోయింది. హాలహర్వి నుంచి ఒక కరువు ఏడాది భర్త వెంట ఆదోనికి వచ్చింది. పత్తి దుమ్ముకు ఊపిరి చెడి ఆయన పోయాక, ఈ గదిలో తన చేత్తో మట్టిపొయ్యి వేసుకుంది. దాని మీదే కూతురు వీణను పెంచి పెద్దచేసి, ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఇంటికి ఇచ్చింది. చెప్పుకోవడానికి ఆమె జీవితంలో ఇంతకన్నా ఏమీ లేదు. ఉన్నదల్లా ఆ పొయ్యి, దాని ముందు కూర్చుని తినిపోయే జనం. అదీ పోతే తను ఎవరో తనకే తెలియకుండా పోతుందని ఆమె భయం.

ఆ భయంతో ఈ మధ్య తిండి సయించడం లేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడితే చాలు, చేయి గాలిలోనే ఆగిపోతోంది. దీనికి ఆమె కనిపెట్టిన మందు ఒక్కటే. ప్రతి ముద్దకూ బాలరాజు అని పేరు పెట్టి కొట్టడం. ఆ వారమంతా రొట్టెలు మహా పలుచగా వచ్చాయి.

"సుంకులూ!"

పైనుంచి తాడు కట్టిన వెదురు బుట్ట గోడ రాసుకుంటూ కిందికి దిగింది. పిలిచింది బాలరాజు తల్లి ఉచ్చీరమ్మ. మోకాళ్లు పట్టేసి ఆమె చాన్నాళ్లుగా మెట్లు దిగడం లేదు. కోడలు ప్రేమలత ఇడ్లీలు పెడితే చిన్నపిల్లలా మూతి ముడిచి, బాల్కనీలోకి వచ్చి బుట్ట దించుతుంది. సుంకులమ్మ రెండు మెత్తని రొట్టెలు, పైన చెనిక్కాయల పొడి పెట్టి తాడు కదిలించింది. కొడుకు తాళం వేస్తాడు, తల్లి బుట్ట దించుతుంది. ఇద్దరిదీ ఒకటే మేడ.

"నీళ్లకేం సేస్తాండావే?"

"ఎదురింటి సైదాపా ఇంట్లోనించి మోసుకొస్తాండా అవ్వా."

"వానికి సెప్పి సెప్పి నా నోరు నొచ్చింది. ఇంటాడా వాడు?"

పొద్దెక్కాక బాలరాజు మేస్త్రీని వెంటబెట్టుకుని దిగాడు.

"సాయంత్రానికల్లా గది ఖాళీ సెయ్యాల సుంకులమ్మా. రేపు గోడ కొడతారు."

"ఇంగొక నెల ఓర్చుకో అప్పా. వాన్లు పడనీ."

"ఓర్చుకున్నది సాలు. కోడి కూయకముందే దబదబ! ఇది ఇల్లా, జిన్నింగు మిల్లా? రేపట్నించన్నా నేను నిమ్మళంగా పండుకోవాల."

కొలతలు తీస్తున్న మేస్త్రీ పొయ్యి గట్టు మీద కాలు పెట్టబోయాడు.

"కాలు తియ్!" అంది సుంకులమ్మ.

నిప్పున్న పొయ్యికి కాలు తగలనివ్వరు. మేస్త్రీకీ అది తెలుసు. లెంపలు వేసుకుని వెనక్కి జరిగాడు. బాలరాజు కూడా ఒక అడుగు వెనక్కి వేశాడు కానీ, సాయంత్రం మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

వాళ్లు వెళ్లాక ఆమె మళ్లీ పొయ్యి ముందు కూర్చుంది. నీళ్లు మసలకముందే పిండిలో పోసేసింది. ఆ సంగతి కూడా గమనించుకోలేదు. రొట్టె పెనం మీద ఎండిన చెరువులా పగిలింది. మార్కెట్ యార్డులో పత్తి మూటలు మోసే హుసేనప్ప ఆ ముక్కల్ని చూసి, "ఇది నువ్వు సేసిన రొట్టేనా అక్కా?" అన్నాడు. ఆ మాటకు ఆమె భోరున ఏడ్చింది. అన్నాళ్లూ ఆపుకున్నదంతా ఆ ఒక్క ఏడుపులో బయటికి వచ్చింది.

బిందెతో వచ్చిన సైదా బీ సంగతంతా విని నడుం మీద చేయి వేసుకుంది. "మా ఆయన బడే సాబ్ పరుపులు కుట్టిన వసారా ఖాళీగా పడుంది. రా అక్కా అని నీకెన్నిసార్లు సెప్పినా?"

"ఈ పొయ్యి ఇడిసి యాడికి రావాల సైదాపా? పోతే వాడు గెలిసినట్టే గదా."

అంటూనే కళ్లు తుడుచుకుని ఎదురింటి వైపు చూసింది. సైదా బీ వసారాకు ముందు గోడ లేదు, తలుపు లేదు. అక్కడినుంచి చూపు పైకి వెళ్లింది. నేరుగా ఎదురుగా, రెక్కలు బార్లా తెరిచి, బాలరాజు పడకగది కిటికీ. ఇన్నాళ్లూ కింది గదిలో కొడితే మధ్యలో మిద్దె అయినా అడ్డం ఉండేది.

సుంకులమ్మకు నవ్వొచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత కడుపులోంచి. సైదా బీకి చూపించేసరికి ఆమె బిందె కింద పెట్టి మరీ నవ్వింది.

"నిమ్మళంగా పండుకోవాలంట! పండుకోనీ!" అంది సుంకులమ్మ.

యార్డు నుంచి హుసేనప్ప తన జట్టును తీసుకొచ్చాడు. పిండి మూట ఒకరు, పత్తికట్టె మోపులు ఇద్దరు, పెనం ఒకరు, పళ్లెం ఒకరు ఎత్తుకున్నారు. మూటలు మోసే భుజాలకు అదొక బరువా! సుంకులమ్మ పొయ్యిలోని నిప్పుల్ని మట్టిమూకుడులోకి తీసుకుంది. మిగిలినవాటి మీద నీళ్లు పోయలేదు, బూడిద కప్పింది. పొయ్యికి చివరిసారి ఎర్రమట్టి అలికింది. తర్వాత మూకుడు ఎత్తుకుని రోడ్డు దాటింది. ఎమ్మిగనూరు బస్సు ఆగింది, వెనకాల ఆటోలు ఆగాయి. డ్రైవరు హారన్ కొట్టలేదు. రోజూ టిఫిను ఆమె దగ్గరే చేస్తాడు.

వసారాలో మూడు రాళ్ల మధ్య నిప్పులు పోసి ఊదింది. ఈసారి నీళ్లు బాగా మసిలాయి. చీర కుచ్చిళ్లు దోపి, ముద్దను పళ్లెంలో పెట్టి, మొదటి దెబ్బ వేసింది. దబ్! ఆ చప్పుడు వీధంతా మోగి, ఎదురు కిటికీలోకి నేరుగా దూరింది. బాలరాజు కిటికీలోంచి తొంగి చూసి, రెక్కలు మూశాడు. ఏమీ తగ్గలేదు.

అప్పటికే పక్క బాల్కనీ నుంచి బుట్ట దిగి ఉంది. ఉచ్చీరమ్మ తాడు కదిలించింది. కింద గది తలుపుకు కొడుకు వేసిన తాళం. ఇంకోసారి కదిలించింది. తల ఎత్తి ఎదురింటి వైపు చూసింది. తర్వాత బాల్కనీలో ఆమె కనబడలేదు.

"అమ్మా! యాడికి పోతాండావ్? కాళ్లిరుగుతాయి!" బాలరాజు కేక.

ఒక్కో మెట్టు మీదా కూర్చుంటూ, గోడ పట్టుకుని లేస్తూ, ఉచ్చీరమ్మ కిందికి దిగింది. హుసేనప్ప పరుగున వెళ్లి చేయి అందించాడు. రోడ్డు మధ్యకు వచ్చాక ఆమె వెనక్కి తిరిగింది.

"ఖాళీ సెయ్యమంటివి గదరా. నేను గూడా ఖాళీ సేసినా."

వీధి వీధంతా గొల్లున నవ్వింది. ఆమె కోసం ఆగిన ఇంకో బస్సులో వాళ్లూ నవ్వారు. సైదా బీ చాప పరిచింది. సుంకులమ్మ పెనం మీది వేడి రొట్టె తీసి, తుంచి, ఉఫ్ ఉఫ్ అని ఊది ముసలామె అరచేతిలో పెట్టింది. ఇన్నేళ్లలో ఆమె తింటుంటే చూడడం సుంకులమ్మకు అదే మొదలు.

"అప్పా, నువ్వు గూడా రా. వేడిగుండాది," అని మేడ వైపు కేకేసింది. వెటకారం కాదు, నిజంగానే పిలిచింది. బాలరాజు దిగి రాలేదు. లోపలికీ పోలేదు. చేతిలో కొళాయి తాళంచెవి పట్టుకుని బాల్కనీలో నిలబడిపోయాడు.

అతని కాళ్ల దగ్గర కడ్డీకి కట్టిన తాడు చివర, తాళం వేసిన గది తలుపు ముందు, అడుగున పొద్దుటి చెనిక్కాయల పొడి ఇంకా అంటుకునే ఉన్న వెదురు బుట్ట మెల్లగా ఊగుతోంది.