జేబులో ఫ్యూజు

మా అక్క కూతురు కాలేజీలో ఉద్యోగమేళాకి పది రోజులు తయారైంది. పెళ్ళికూతురిని కూడా ఇంతసేపు తయారుచెయ్యరు. చదివేది మెకానికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరమే గానీ, మూడేళ్ళప్పుడు గోడగడియారం విప్పి పారేసిన రోజునుంచీ మా ఇంట్లో దాని పేరు ఇంజనీరమ్మే.

నేను లిఫ్టు మెకానిక్కుని. అక్కావాళ్ళతోనే ఉంటాను. మేళాకి ముప్ఫై కంపెనీలు వస్తున్నా, పిల్ల చూపంతా ఒక్క లిఫ్టుల కంపెనీ మీదే. వాళ్ళు తీసుకునేది ఒక్కరిని. అది రాకపోతే సోమవారం వెళ్ళి, ఫోన్లో బ్యాంకు కార్డులు అంటగట్టే ఉద్యోగంలో చేరాలి. ఆ కాగితం అప్పటికే వచ్చి బల్ల మీద ఉంది. దాన్ని చూసినప్పుడల్లా పిల్ల మొహం మాడిపోయేది.

అందుకని ఇంట్లో రిహార్సల్సు పెట్టుకున్నాం. కుర్చీలో కూర్చున్న అక్క కంపెనీ ఆఫీసరు.

"మీ బలహీనత ఏంటి?" అని చీటీ చూసి అడిగింది అక్క.

"పని మొదలుపెడితే తిండి ధ్యాస ఉండదండీ."

"నిన్న మూడోసారి కూర వేసుకున్నదెవరే?"

"అమ్మా, ఆఫీసరు అలా అడగడు."

"మనింట్లో ఒక పూట తింటే అడుగుతాడు."

నేను నవ్వుకుంటూ దాని బయోడేటా అందుకున్నాను. నాయకత్వ లక్షణాలట, సమయపాలనట. ఈ నాయకురాలు బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టిందో ఇంతవరకూ తేలలేదు. కిందికి వస్తే 'అనుభవం' అని ఉంది. దానికెదురుగా 'లేదు' అని రాసింది.

పదకొండో ఏటినుంచీ సెలవులన్నీ నా వెంటే తిరిగిన పిల్ల. టార్చి పట్టుకుంది, గ్రీజు పూసింది, తలుపులు ఎందుకు పడట్లేదో నాకంటే ముందు చెప్పిన రోజులున్నాయి.

"లేదా?" అన్నాను.

"అంటే... సర్టిఫికెట్ ఉన్నదే రాయాలి మావయ్యా."

"నిజమేలే. నేను సర్టిఫికెట్ ఇస్తే దాన్నిండా గ్రీజు మరకలే."

అది నవ్వింది, నేనూ నవ్వాను. కానీ ఆ 'లేదు' నాకు గుచ్చుకుంది. అబద్ధమెందుకు, బాగానే గుచ్చుకుంది.

మేళా రోజు పొద్దున్న దానికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. కంగారొస్తే కొందరు గోళ్ళు కొరుక్కుంటారు, మా పిల్ల స్క్రూడ్రైవర్ వెతుక్కుంటుంది. హాల్లో ఫ్యాను స్విచ్చి చిటపటమంటోందని విప్పి బిగించింది. అంతలో వీధిలో స్నేహితురాలు హారన్ కొట్టేసరికి ఫైలు పట్టుకుని ఒకటే పరుగు. పది నిమిషాల తర్వాత అక్క మిక్సీ వేస్తే తిరగలేదు. ఫ్యానూ తిరగలేదు. బోర్డు దగ్గరికెళ్ళి చూస్తే మెయిన్ ఫ్యూజు ఉండాల్సిన చోట ఖాళీ.

"వేరేది పెట్టరా" అంది అక్క.

పెట్టను. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. వైరు మీద చెయ్యేసేవాడు ముందు ఫ్యూజు పీకి తన జేబులో వేసుకోవాలి. పనయ్యాక తనే తిరిగి పెట్టాలి, లేదా 'చెయ్యి తీశాను' అని పైకి చెప్పి ఇంకొకడి చేతికివ్వాలి. అంతదాకా ఎవరూ ఇంకో ఫ్యూజు పెట్టకూడదు. ఒకసారి ఒకడు పెట్టాడు. అందుకే నా కుడిచేతికి మూడే వేళ్ళు.

"పిల్లే ఇంట్లో లేదు, ఇంక దాని చెయ్యి వైరు మీద ఎక్కడుంటుందిరా?"

"ఆ మాట అదే చెప్పాలక్కా."

"ఇద్దరికీ ఒకటే పిచ్చి. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు, ఉద్యోగానికి వెళ్తూ ఫ్యూజు పట్టుకెళ్ళడమేంటి. ఫ్రిజ్‌లో పాలు విరిగితే మీ ఇద్దరిచేతే తాగిస్తాను."

పిల్లకి ఫోన్ చేస్తే స్విచాఫ్. రెండు బస్సులు మారి కాలేజీ చేరేసరికి మధ్యాహ్నమైంది.

హాలంతా వరసగా బల్లలు, కొత్త షూలు కరిచి కుంటుతున్న పిల్లలు. లిఫ్టు కంపెనీ బల్ల ముందు లైను అయిపోవచ్చింది. ఆఖరున మా పిల్ల. బల్ల వెనక నెరిసిన జుట్టు సూపర్‌వైజరు. ఆయనకి ఎడమపక్క జానెడెత్తు కాగితాల దొంతర, కుడిపక్క ఏమీ లేదు. మా పిల్ల కళ్ళు పైకెత్తి పాఠం అప్పజెబుతోంది. "తిండి ధ్యాస ఉండదండీ" దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆవలింత ఆపుకుని, దాని కాగితాన్ని ఎడమపక్క దొంతర మీద పెట్టేశాడు. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు పిల్ల నన్ను చూసింది. ఎందుకొచ్చానా అన్నట్టు చూసి, చటుక్కున జేబు తడుముకుంది. మొహం తెల్లబోయింది.

"ఒక్క నిమిషం సార్" అని నా దగ్గరికొచ్చి, తెల్లటి పింగాణీ ఫ్యూజు నా చేతిలో పెట్టి, "చెయ్యి తీశాను" అంది. అంతమందిలోనూ గట్టిగానే అంది.

"ఏంటమ్మా అది?" అన్నాడు సూపర్‌వైజరు.

"మా ఇంటి మెయిన్ ఫ్యూజు సార్. పొద్దున స్విచ్చి బిగించి మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. తప్పు నాదే."

"ఇంట్లో ఇంకోటి లేదా?"

"ఉంది సార్. మావయ్య పెట్టడు. ఇది నా జేబులో ఉన్నంతసేపూ నా చెయ్యి వైరు మీద ఉన్నట్టే."

ఆయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. రిపేరుకని లిఫ్టు కప్పు మీదికెక్కేటప్పుడు ముందేం చేస్తావన్నాడు. ఎక్కకముందే స్టాపు స్విచ్చి నొక్కుతానని, నొక్కితే సరిపోదు, నిజంగా ఆగిందో లేదో నడిపే బటన్ నొక్కి చూస్తానని, చేతులు తిప్పుతూ చెప్పుకుపోయింది. ఇప్పుడు కళ్ళు పైన లేవు, ఆయన మీదే ఉన్నాయి. మూడు ప్రశ్నలడిగితే అయిదు జవాబులు చెప్పింది.

ఆయన ఒకసారి నా కుడిచేతి వంక చూశాడు. వేళ్ళ సంగతి మా పనిలో ఉన్నవాళ్ళు అడగరు. ఎడమ దొంతర మీంచి దాని కాగితం తీసి, వేలుపెట్టి చూపించాడు.

"అనుభవం లేదని రాశావు. కింద సంతకం పెట్టి పైన అబద్ధం రాయకూడదమ్మా. దిద్దివ్వు. సోమవారం తొమ్మిదింటికి సైటుకి రా, ఉద్యోగం కాగితం అక్కడే ఇస్తాను. ఆ షూలు మాత్రం వద్దు."

పిల్ల 'లేదు' కొట్టేసి, 'పదేళ్ళు, మా మావయ్య దగ్గర' అని రాసింది. రాసి నా వైపు తిరిగి, "పదేళ్ళంటే ఎక్కువేం కాదుగా మావయ్యా?" అంది మెల్లగా.

కాగితం మీద 'మావయ్య' అన్న మాట రెండుసార్లు చదువుకున్నాను. అలాగని వదిలిపెడతానా.

"మొదటి రెండేళ్ళూ టార్చి పట్టుకుని నిద్రపోయావు. అవి తీసెయ్."

నిజంగానే కొట్టేసి ఎనిమిది అని రాసిచ్చింది. ఆయన ఆ కాగితాన్ని కుడిపక్కన పెట్టుకున్నాడు.