సమాధానం కొరకు

ఆదివారం పొద్దున్నే గుడి ఊడ్చి, చాపలు పరిచి, బల్ల మీద తెల్లగుడ్డ మార్చి, ఝాన్సీ ప్రార్థన మనవి చీటీలు రాయడానికి కూర్చుంది. భావనపాడు సంఘంలో చాలామంది ఆడవాళ్లకు రాత రాదు. వాళ్లు చెబుతారు, పాస్టరు గారి భార్యగా ఝాన్సీ రాస్తుంది, ఆరాధనలో తనే చదివి వినిపిస్తుంది. పందొమ్మిదేళ్లుగా అంతే. గుడి ముందు బోర్డు మీద మాత్రం ఆయన పేరొక్కటే ఉంది.

తవిటమ్మ వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది. రేవులో చేపలు ఎండబెట్టుకుని బతికే మనిషి. పక్కన కూతురు శ్రావణి. కుడిచేతికి మోచేతి దాకా సిమెంటు కట్టు.

"రాయండమ్మగోరూ. నా అల్లుడు గిరిబాబు నా గుంట శ్రావణి సెయ్యి ఇరగ్గొట్టినాడు. తెడ్డుతోటి."

గిరిబాబు సంఘపెద్ద అప్పలసూరి కొడుకు. ఈ రోజు ఆరాధన అయ్యాక ప్రార్థన చేసి పిల్లను మళ్లీ అతని ఇంటికే పంపాలని పెద్దలు నిన్ననే తేల్చేశారు. ఝాన్సీ చెయ్యి అలవాటుకొద్దీ రాసేసింది.

"ఏటి రాసినారు? సదవండి."

"శ్రావణి కుటుంబ సమాధానం కొరకు."

"ఇద్దరూ తగువులాడినట్టు సమాదానమేటి? ఇరిగింది నా గుంట సెయ్యొక్కటే గదా."

"దేవుడికి అన్నీ తెలుసు తవిటమ్మా."

"తెలిసే ఊరుకున్నాడా? అయితే నానడగాల. అడగనీకుండా మద్దెన మీరేటి?"

ఝాన్సీకి ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. పెళ్లయిన కొత్తలో మొదటి చీటీ మీద 'తన్నాడు' అనే రాసింది. ఆయన ఆ మాట కొట్టేశారు. "గుడిలో తన్నడాలూ తిట్టడాలూ చదువుతారా? సమాధానం అని రాయి. దేవుడు అర్థం చేసుకుంటాడు." అప్పటినుంచి పళ్లు రాలినా సమాధానమే, కడుపు పోయినా సమాధానమే. అరుణశ్రీ అనే పిల్ల ఒళ్లు కాల్చుకోవడానికి ముందు వారం కూడా దాని చీటీలో ఆ మాటే ఉంది. సమాధి దగ్గర వాళ్లమ్మ మాటలు పెట్టి ఏడుస్తుంటే, "విశ్వాసులం, అలా ఏడవకూడదు. నువ్వు పాట ఎత్తు" అన్నారు ఆయన. ఎత్తింది. ఆ తల్లి గొంతు మునిగిపోయేదాకా పాడింది. ఊళ్లో ఎవర్నడిగినా సమాధానమంటే జవాబు అంటారు. బైబిల్లో శాంతి అని. ఈ గుడిలో మాత్రం నోరు మూసుకోవడం. ఆయన మీద కోపం ఉంది, పెద్దల మీద ఉంది, అందరికన్నా గుండ్రంగా కుదురుగా రాసే తన చేతి మీద ఉంది. సిలువ మీద ప్రభువు కూడా నన్నెందుకు విడిచిపెట్టావని తండ్రిని కేకపెట్టి అడిగాడు. ప్రభువు మనవిని ఎవరూ మర్యాదగా మార్చి రాయలేదు.

చీటీ చింపేసింది. ఇంకోటి తీసుకుంది.

"మళ్లీ చెప్పు తవిటమ్మా. నువ్వు చెప్పిందే రాస్తాను."

ఆరాధనలో మనవుల వేళకు మైకు ముందు నిలబడి చదివింది. "తవిటమ్మ మనవి. నా అల్లుడు గిరిబాబు తెడ్డుతో నా కూతురి చెయ్యి విరగ్గొట్టాడు. ప్రభువా, చూస్తూ ఎందుకు ఊరుకున్నావు?"

అప్పలసూరి ముందు కుర్చీలోంచి లేచాడు. "ఇది గుడా, పోలీసుటేసనా? అయ్యగోరూ, వేగం ప్రార్దన సేసీసి పిల్లని పంపించీండి. బయట ఆటో ఉన్నాది."

"నానెల్లను మావా," అంది శ్రావణి, కూర్చున్నచోటినుంచే.

అప్పుడు శోకం ఎత్తుకుంది తవిటమ్మ. "ఓ తండ్రీ, నా గుంట అరిసినప్పుడు ఏ పక్కకి సూస్తన్నావు నాయినా. సెవులు లేవేటి నీకు." వెనక వరసలో అరుణశ్రీ తల్లి అందుకుంది. తర్వాత ఇంకొకామె, ఆమె పక్కనామె. ఎవరి మాటలు వాళ్లవి, ఎవరి దెబ్బలు వాళ్లవి. చాపల మీంచి ఒక్కరూ లేవలేదు. గుమ్మం దాకా ఆడవాళ్లే, అప్పలసూరికి అడుగు తీసి అడుగు వెయ్యడానికి సందు లేదు.

పాస్టరు గారు ఝాన్సీ దగ్గరకు వచ్చి పళ్లు బిగించి అన్నారు. "ఏమిటీ గోల? పాట ఎత్తు."

ఝాన్సీ మైకు ఆపి, పోయి శ్రావణి పక్కన కూర్చుంది.

"ఈ పిల్ల మనింట్లో ఉంటుందండీ," అంది. "ఇప్పుడు ప్రార్థన జరుగుతోంది. మీరు కళ్లు మూసుకోండి."