గాలీ, నీడా

లక్మే పొట్ట మీదికి బూడిద రావడానికి మూలం ఒక మాట. ఆ మాట అన్నది డాక్టర్ రాజ్యశ్రీ.

కొంటా రోడ్డు పక్కనున్న చిన్న ఆసుపత్రికి లక్మే మొదటిసారి వచ్చినప్పుడు ఆమెకు మూడో నెల. అంతకుముందు రెండు గర్భాలూ ఆ నెలలోనే పోయాయి. అందువల్ల ఈ బిడ్డ గుండె కొట్టుకుంటోందా లేదా అన్నది తప్ప ఆమెకు మరొకటి అక్కరలేదు. కానీ ఆమె జీపు దిగగానే మూత్రానికి వెళ్లివచ్చి స్కానింగు బల్ల ఎక్కింది. మూత్రాశయం నిండుగా ఉంటే పేగులను పక్కకు నెట్టి ధ్వనికి దారి ఇస్తుంది. ఖాళీగా ఉండడంతో పేగులు గర్భసంచికి అడ్డంగా జారాయి, వాటిలోని గాలి ధ్వనిని వెనక్కి కొట్టింది, తెర మీద ఆ కిందంతా నలుపయింది.

"నీడ పడింది, పెద్దమ్మా. వచ్చే వారం బాగా నీళ్లు తాగించి తీసుకురండి," అని రాజ్యశ్రీ లక్మే అత్త బుల్లమ్మకు చెప్పింది.

బచేలి గనుల కాలనీలో పెరిగిన రాజ్యశ్రీకి నీడ అంటే నీడే. బుల్లమ్మకు మాత్రం, కడుపుతో ఉన్న మనిషి మీద పడే నీడ వేరు, అది చెడు సోకడం. ఆమె ఊరికి వెళ్లగానే వడ్డెను, అంటే ఊరి పూజారిని, కలిసింది. ఆయన బూడిద మంత్రించి ఇచ్చాడు. దాన్ని ఇప్పనూనెతో మెదిపి, కోడలి బొడ్డు కింద మందంగా పూసింది బుల్లమ్మే. అది దానంతట అది రాలిపోవాలి గాని తుడవకూడదని వడ్డె కట్టడి.

మరుసటి వారం లక్మే చెప్పినట్టే నీళ్లు తాగి వచ్చింది. తెర ఈసారి పూర్తిగా నల్లబడింది. రాజ్యశ్రీ ధ్వని తీవ్రత పెంచి చూసింది. ధ్వనిని అనేక కోణాల నుంచి పంపి, వచ్చిన చిత్రాలను కలిపి దొంగ గీతలను చెరిపే ఏర్పాటును కూడా వాడింది. కానీ ఆ ఏర్పాటు లోపలికి వెళ్లిన ధ్వనినే సరిదిద్దగలదు. ఇక్కడ ఎండిన బూడిద పెచ్చుల సందుల్లో గాలి నిలిచి ఉంది. ధ్వని చర్మమే దాటడం లేదు.

లక్మే గోడవైపు ముఖం తిప్పుకుంది. "పోయిందా?" అని అడిగింది.

బూడిద తుడవనిదే చెప్పలేనని రాజ్యశ్రీ అంది. బుల్లమ్మ ఒప్పుకోలేదు.

"నీడని నువ్వే అంటివి గద, డాక్టరమ్మా."

"ఆ నీడ కాదు పెద్దమ్మా. లోపల గాలి అడ్డొచ్చింది, అంతే."

"గాలి గూడనా? నీడకైతే బూడిద సాలు. గాలికి కోడి గావాలె."

మూడో మాట అంటే మేక దాకా వెళుతుందని రాజ్యశ్రీకి అర్థమైంది. ఇక వివరించడం మానేసి, బుల్లమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె మెడ మీద జెల్ రాసి ప్రోబ్ ఆనించింది. తెర మీద రక్తనాళం ఎగిరెగిరి పడుతూ కనిపించింది. తరువాత ఆ చోటు తుడిచి, బుల్లమ్మ వెంట తెచ్చుకున్న డబ్బాలోని బూడిదనే అక్కడ పూసి, ఫ్యాను కింద ఆరనిచ్చి, మళ్లీ జెల్ వేసి ప్రోబ్ పెట్టింది. తెర నల్లగా ఉండిపోయింది.

బుల్లమ్మ తెరను చాలాసేపు చూసింది. "ఏంది, ఇప్పుడు నేను సచ్చిపోయిన్నా?"

"తెర అలాగే అంటోంది."

"మనిషి ఎదురుంగ మాట్లాడుతాంటే గూడ అట్ల జెప్తదా? సిగ్గులేని పెట్టె."

ముందుగా నవ్వింది లక్మే. బుల్లమ్మ గోరువెచ్చని నీళ్లు అడిగి తెప్పించుకుంది. పూసింది తన చెయ్యే గనుక తీసేదీ తన చెయ్యేనని వడ్డెకు తానే చెప్పుకుంటానంటూ, కోడలి పొట్టను కొంగుతో శుభ్రంగా తుడిచింది.

ఇప్పుడు ధ్వనికి దారి దొరికింది. బూడిద మీద పనికిరాని ఆ కోణాల ఏర్పాటు ఇప్పుడు పనిచేసింది: మచ్చలు పలచబడ్డాయి, గర్భసంచి అంచు తేటపడింది. లోపల బొటనవేలి కణుపంత ఆకారం. దాని నడుమ వేగంగా మిణుకుమంటూ ఒక కదలిక.

"గుండె," అంది రాజ్యశ్రీ. మరో అర్థానికి తావులేని మాట కోసం ఆమె కాస్త ఆలోచించే ఎంచుకుంది.

లక్మే కళ్లు తుడుచుకోవడం కూడా మరిచి తెరనే చూస్తోంది. బుల్లమ్మ బయట ఉన్న కొడుకు ఇర్మాను పిలిచి, తమ డోర్లీ భాషలో గడగడా ఏదో చెప్పింది. బిడ్డ అచ్చం తండ్రిలాగే నిలకడ లేకుండా ఉందని అత్త అంటోందని లక్మే డాక్టరుకు తెలుగులో చెప్పబోయి, నవ్వు ఆపుకోలేకపోయింది. ఆమె నవ్వినప్పుడల్లా పొట్ట కదిలి బొమ్మ చెదిరిపోతోంది. రాజ్యశ్రీ ఓపికగా ప్రోబ్ జరిపి మళ్లీ వెతుకుతోంది, మళ్లీ దొరుకుతోంది.