నాలుగు వేళ్ళ గ్లౌజు

ఊచకి చుట్టిన తీగ స్ప్రింగులా బిగిసింది. ఆమె దాన్ని ఊచ మీంచి లాగి, ఒళ్ళో పరుచుకున్న గోనెగుడ్డ మీద పెట్టుకుని కట్టరుతో ఒక్కో చుట్టూ తెంపసాగింది. తెగిన ప్రతి చుట్టూ రింగయి సత్తుగిన్నెలో టంగుమని పడుతోంది. మాంసం కోసే ఆ ఫ్యాక్టరీలో కత్తి పట్టేవాళ్ళు ఎడమచేతికి వేసుకునే ఉక్కు గ్లౌజులన్నీ ఈ చిన్న గదిలో పుట్టినవే. ఒక్కో రింగు నోరూ తెరవాలి, పక్కనున్న రింగుల్లోంచి దూర్చాలి, రెండు పట్టకార్లతో మళ్ళీ మూసెయ్యాలి. మూసిన చోట దూది రాసి చూస్తుంది. దూదిపోగు చిక్కుకుందంటే నోరు సరిగా పడనట్టే. వెంటనే విప్పి మళ్ళీ మూస్తుంది.

అందరూ ఆమెని రింగులత్త అంటారు. పొట్టి మనిషి. బొటనవేళ్ళ మీద చర్మం చెప్పుతోలులా మందమెక్కింది. కొన్నాళ్ళుగా ఎడమ భుజం లాగుతోంది. పని మానేసి విశ్రాంతిగా ఉండమన్నాడు డాక్టరు. చేతులు ముడుచుకుని కూర్చోడానికి తనేమైనా గోడమీద ఫొటోనా అని ఆయన్నే అడిగి, సరాసరి పనిలోకి వచ్చేసింది.

గుమ్మంలో నీడ కదిలింది. తలెత్తకుండానే తెలిసింది, తోడికోడలని.

ఇద్దరిదీ ఒకే ఇల్లు, రెండు పొయ్యిలు. మాటల్లేక ఏళ్ళు గడిచాయి. ఎప్పుడో కూర మాడిందని అత్తగారు పదిమందిలో రింగులత్తని కడిగిపారేస్తుంటే, పక్కనున్న ఈ తోడికోడలు కిసుక్కున నవ్వింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడుపని ఊరికే అనలేదు. అత్తగారు పోయింది, రింగులత్త మొగుడూ పోయాడు, ఆ నవ్వు మాత్రం పోలేదు. పంపులో నీళ్ళొస్తే ఒకరు బకెట్టుతో చెప్పేవారు, రెండోవారు వినేవారు.

కిందటి చలికాలంలో గాలికి ఇనపగేటు మూసుకుని తోడికోడలి ఎడమచేతి ఉంగరపు వేలు మొదలంటా పోయింది. పుండు మానగానే ఫ్యాక్టరీ కోత హాల్లో మళ్ళీ కత్తి పట్టింది. కానీ గ్లౌజులో ఆ వేలు ఖాళీగా వేలాడుతూ కత్తి కిందికి వస్తోంది. లోపల గుడ్డ కూరి చూశారు. అది నెత్తురూ కొవ్వూ పీల్చి ఉబ్బిపోయి, చెయ్యి వంగనివ్వడం లేదు.

"ఇవాళ్టితో ఆఖరట," అంది తోడికోడలు సత్తుగిన్నెతో. "సరిపడే గ్లౌజు లేకపోతే కత్తి ముట్టుకోవద్దన్నారు. వేరే పనీ లేదన్నారు."

నవ్వాలంటే ఇదే అదను. రింగులత్తకి నవ్వు రాలేదు. కట్టరు కింద పెట్టింది.

"గిన్నెతో చెప్తావేంటి? నాకు చెప్పు. చెయ్యి ఇటియ్యి."

ఆ చెయ్యి తడితడిగా, ఐసుముక్కలా ఉంది. వేలు పోయిన చోట తీగముక్క చుట్టి కొలత తీసుకుంది. నొప్పుందా అని అడిగితే, చలికి సలుపుతుందని చెప్పింది తోడికోడలు. ఆ మాటైనా ఇద్దరూ చేతివంకే చూసుకుంటూ అనుకున్నారు.

రింగులత్త అల్మరాలోంచి కొత్త గ్లౌజు ఒకటి తీసేసరికి సూపర్‌వైజరు వచ్చాడు. ఒకప్పుడు అతనూ కత్తి పట్టినవాడే, అరచేతిలో అడ్డంగా గీత ఇంకా ఉంది. అది కంపెనీ గ్లౌజు, పాడుచెయ్యడానికి వీల్లేదు, నాలుగు వేళ్ళవి చెయ్యమని ఎవరూ అడగలేదు, అక్కడ పెట్టెయ్యమన్నాడు. ఆమె అతని మొహంలోకి చూస్తూనే ఉంగరపు వేలి మొదట్లో ఒక రింగు విప్పింది. ఆ పక్కది కూడా విప్పింది.

"పైవాళ్ళకి నేనేం చెప్పుకోను అత్తా?"

"అత్త మాట విన్లేదని చెప్పు. నిజమేగా."

"నిన్ను కూడా తీసేస్తారు."

"తియ్యనీ. నా చేతులు ఇక్కడ వదిలేసి పోతానా ఏంటి?"

అతను వెళ్ళిపోయాడు. ఉక్కు వేలు ఊడి బల్ల మీద పడింది. తెగిన అంచులు రెండూ దగ్గరికి లాగి, రింగు వెంట రింగు ఎక్కించింది. మధ్యలో భుజం లాగి, కళ్ళు బైర్లు కమ్మితే ముంజేత్తో చెమట తుడుచుకుని మళ్ళీ పట్టకారు అందుకుంది. అతుకంతా దూది రాసింది. ఒక్క పోగూ చిక్కలేదు.

కోత హాల్లోకి ఆమె ఎప్పుడోగాని రాదు. నేలంతా తడి, కొక్కేలకి వేలాడే మాంసం. కత్తులన్నీ ఆగాయి. తోడికోడలి చేతికి తానే గ్లౌజు తొడిగి, పట్టీ బిగించింది. సూపర్‌వైజరు వచ్చి, ఎవరి చేతిలోదో కత్తి లాక్కుని ఆ అతుకు మీద రెండుసార్లు గట్టిగా గీశాడు. కత్తి జారిపోయింది.

"పట్టీ ఇంకాస్త బిగించుకో," అని తోడికోడలికి చెప్పి, కత్తి తిరిగిచ్చేసి వెళ్ళిపోయాడు.

రింగులత్త వెనక్కి తిరగబోయింది.

"అక్కా," అంది తోడికోడలు. "ఆరోజు నిన్ను చూసి నవ్వలేదు. అత్తగారు తిడుతుంటే ఆవిడ ముక్కుమీద ఈగ వాలింది. తోలుకోడానికి తిట్లు ఆపలేక, ముక్కు ఎగరేస్తూ తిట్టింది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పొచ్చుగా?"

"నువ్వు నా మొహం చూస్తేగా చెప్పడానికి."

రింగులత్త ఒక్క క్షణం బిత్తరపోయింది. తర్వాత ఆ కొక్కేల మధ్య నిలబడి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. కత్తులు పట్టుకున్నవాళ్ళకి ఎందుకో తెలియకపోయినా వాళ్ళూ నవ్వారు. ఒక్క గ్లౌజుతో కుదరదు, కడిగి ఆరేసినప్పుడు ఇంకోటుండాలి, సాయంత్రంలోగా అదీ మొదలుపెడతానని చెప్పి తన గదికి వెళ్ళింది.

తిండివేళ కలిసి తిందామని తోడికోడలు గిన్నె పట్టుకుని వచ్చింది. రింగులత్త గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. కునుకు తీస్తోందనుకుని మెల్లగా అక్కా అని పిలిచింది. తల పక్కకి వాలడం చూసి దగ్గరికెళ్ళి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఊపిరి లేదు. ఎవర్నీ పిలవలేదు. ఆ వేళ్ళ మధ్యనుంచి పట్టకారు తీసి, కాసేపు ఆ చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చుంది. తర్వాత లేచి వెళ్ళి సూపర్‌వైజరుతో చెప్పింది. అందరూ వచ్చి ఆమెని ఎత్తుకుని తీసుకెళ్ళారు.

గది ఖాళీ అయింది. గ్లౌజు వేళ్ళు అల్లుకోడానికి బల్లకి బిగించిన చెక్క మేకు మీద, రెండో గ్లౌజుకి అల్లిన బొటనవేలు ఒక్కటే పూర్తయి, నిటారుగా నిలబడి ఉంది.