మూడు చుట్ల తీగ

"డ్రైవరు నిద్రపోయాడండీ, అంతే," అన్నాడు లారీల యార్డు మేనేజరు. ఎస్సై ఆ మాటే కాగితం మీదికి ఎక్కించుకున్నాడు.

అప్పటికి నెత్తురింకా ఆరలేదు. పొద్దున షిఫ్టుకి నూలు మిల్లు బస్సు కోసం మలుపులో నిలబడ్డ ఏడుగురు ఆడవాళ్ళ మీదికి ఇనుప కడ్డీల లారీ దూసుకొచ్చింది. వాళ్ళతో పాటు వాళ్ళ వెనకున్న గోడని కూడా పడగొట్టి ఆగింది. క్యారేజీల మూతలూడి రోడ్డంతా దొర్లాయి. ఇంత ఘోరాన్ని తేల్చెయ్యడానికి ఆ పెద్దమనిషికి రెండు ముక్కలు చాలాయి. డ్రైవరు నిద్రపోయాడు. చచ్చినవాడు లేచి కాదనడు కదా.

కాదనగలిగిన మనిషి ఒకడు అక్కడే ఉన్నాడు. అదే యార్డులో బ్రేకుల మేస్త్రి. నొక్కుకుపోయిన కేబిన్‌ని గునపంతో విడదీసి డ్రైవరు శవాన్ని బయటికి తీసింది అతనే. డ్రైవరు కాలు బ్రేకు పెడల్ మీద బిగుసుకుపోయి ఉంది. ఒంట్లో ఉన్న బలమంతా వేసి, సీట్లోంచి లేచి తొక్కినవాడి కాలు అది. లాగితే కాలు వచ్చింది గానీ చెప్పు మాత్రం పెడల్ కిందే ఇరుక్కుపోయింది. నిద్రపోయినవాడు అలా తొక్కడని మేస్త్రికి తెలుసు. చెప్పబోయాడు. నోరు పెగల్లేదు.

ఎందుకు పెగల్లేదో చెప్తాను వినండి. అతన్ని వెనకేసుకురావడానికి కాదు.

లారీ బ్రేకు గాలితో పనిచేస్తుంది. ప్రతి చక్రానికీ ఒక రబ్బరు పైపు ఆ గాలిని మోసుకెళ్తుంది. ఒక్క పైపు చిట్లినా గాలి నిలవదు, బండి నడవదు. కొత్త పైపు వేసేదాకా బండిని పక్కన పెట్టాలి. కానీ ఆ యార్డులో బండి ఊరికే నిలబడటమంటే మేనేజరుకి ఒంటికి కారం రాసుకున్నట్టుండేది. అందుకని చిట్లిన పైపుని మడిచి ఇనుప తీగతో బిగించి కట్టేస్తారు. గాలి పోదు, బండి నడుస్తుంది, ఆ చక్రానికి మాత్రం బ్రేకుండదు. రెండ్రోజులే, కొత్త పైపులొస్తున్నాయి అంటాడు మేనేజరు. ఆ రెండ్రోజులు పదేళ్ళయినా అవలేదు. చేతిరాత చూసి మనిషిని చెప్పినట్టు, కట్టు చూసి ఏ మెకానిక్కుదో షెడ్డులో చెప్పేస్తారు. మేస్త్రిది మూడు చుట్లు, తీగ కొస లోపలికి వంచి ఉంటుంది. తర్వాత చెయ్యి పెట్టేవాడికి గుచ్చుకోకూడదని అతని జాగ్రత్త. ఆ లారీ వెనక చక్రాలకి రెండు పక్కలా ఆ మూడు చుట్లే ఉన్నాయి.

మేనేజరు ఏనాడూ గొంతు పెంచి మాట్లాడలేదు. అందుకే పనివాళ్ళు అతన్ని తడిగుడ్డ అనేవాళ్ళు. తడిగుడ్డతో గొంతులు కోసే రకమని. చనిపోయిన డ్రైవరుకీ ఒక ముద్దు పేరుంది, నిదానం. ఎవరు తొందరపెట్టినా నిదానమే ప్రధానం అంటూ బండెక్కేవాడు. మేస్త్రితో చుట్టరికమేమీ లేదు, ఒకే సందులో కాపురాలు గనక బావా అని వరస కలుపుకున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకుని అతివేగం, నిద్రమత్తు అని రాశారు.

మూడో రోజు ఆ లారీని క్రేనుకి కట్టి ఈడ్చుకొచ్చి యార్డు వెనక గోడ వార పడేశారు. ఎడమ తలుపు ఒక్క కీలు మీద వేలాడుతోంది. గాలి వీచినప్పుడల్లా కిర్రుమని తెరుచుకుంటుంది, కాసేపటికి దానంతటదే మూసుకుంటుంది. అచ్చం ఎవరో దిగి వెళ్ళినట్టు. షెడ్డులో పధ్నాలుగు మందీ ఆ చప్పుడుకి తలెత్తి, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మళ్ళీ పనిలోకి వంగేవాళ్ళు. మేస్త్రికి ఇంటి దగ్గర కూడా అదే చప్పుడు. అన్నం ముందు కూర్చుంటే చేతులింకా నల్లగానే ఉన్నాయనిపించి మళ్ళీ లేచి కడుక్కునేవాడు. ఎన్నిసార్లు కడుగుతావని భార్య అడిగితే గ్రీజు వదల్లేదనేవాడు.

ఆ వారమే మిల్లు ఆడవాళ్ళు యార్డు గేటు ముందుకొచ్చారు. నూటయాభై మందికి తక్కువుండరు. వాళ్ళ ముందు నడిచే మనిషిని మిల్లంతా పెద్దక్క అంటుంది. పోయిన ఏడుగురిలో ఆవిడ సొంత చెల్లెలుంది. సరిగ్గా అప్పుడే నిదానం భార్య కూడా మొగుడి కాగితాలేవో అడగడానికి అక్కడికొచ్చింది. జనం ఆమెని గుర్తుపట్టి చుట్టుముట్టారు. నీ మొగుడు కునుకు తీస్తే మా కొంపలు కూలాయని ఒకరు, మా ఉసురు తగలకపోదని ఒకరు. మేడ మీద కిటికీ దగ్గర తడిగుడ్డ టీ తాగుతూ చూస్తున్నాడు. చూడడా మరి. తమవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు వాళ్ళలో వాళ్ళే తన్నుకుంటుంటే యాజమాన్యానికి అంతకన్నా కావలసిందేముంది.

 నిదానం భార్య గేటు లోపల నిలబడ్డ మేస్త్రిని చూసి కడ్డీలు పట్టుకుంది.

"అన్నయ్యా, నువ్వే కదా ఆయన్ని బయటికి తీసింది. నిద్రలో ఉన్నాడా?"

మేస్త్రి పనుందమ్మా అని షెడ్డులోకి నడిచాడు. ఆమె మళ్ళీ అడిగింది. అదే ప్రశ్న, అదే గొంతుతో. అతను వెనక్కి తిరగలేదు.

ఆ మధ్యాహ్నం తడిగుడ్డ కబురు పెట్టి మేస్త్రిని కుర్చీలో కూర్చోబెట్టాడు. పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆ గదిలో అతను కూర్చోవడం అదే మొదలు. మిల్లువాళ్ళు లాయరుని పెట్టుకున్నారట, రేపు పదిగంటలకి బండి తనిఖీ చెయ్యడానికి కోర్టు తరపున మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు వస్తున్నాడట. ఈలోగా ఆ తీగలు తీసేసి మంచి పైపులు వేసి, పాతవాటిలా కనపడేట్టు మట్టి పులమాలి. కేబిన్లో చెప్పు ఉందట, అది కూడా తీసి పారెయ్యాలి.

"కట్టింది నువ్వు. నేను కట్టమన్నట్టు కాగితం ఎక్కడా లేదు," అన్నాడు తడిగుడ్డ నెమ్మదిగా. "బయటపడితే ముందు లోపలికెళ్ళేది నువ్వే. నీ మేలు కోరే చెప్తున్నా."

పదేళ్ళుగా రాని పైపులు ఆ బల్ల మీద కొత్త కాగితంలో చుట్టి ఉన్నాయి. మేస్త్రి వాటిని చంకలో పెట్టుకుని లారీ కిందికి దూరాడు.

కింద ఇనుము కమురు వాసన. వెల్లకిలా పడుకుని పైకి చూస్తే తన కట్టు కనిపించింది. మూడు చుట్లు, కొస లోపలికి. వారం కిందట నిదానం షెడ్డుకొచ్చి, బావా బండి నా మాట వినట్లేదు, రెండో పైపన్నా మార్చమను అన్నాడు. మేస్త్రి నవ్వాడు. నీ పేరే నిదానం కదరా, రెండ్రోజులు నిదానంగా తోలు అన్నాడు. వాడూ నవ్వి ఎక్కి కూర్చున్నాడు. వాడితో ఆడిన ఆఖరి మాట అది. హాస్యానికన్న మాట.

పైన తలుపు కిర్రుమంది. ఆ రోజు గాలి లేదు.  ఒక కాలు కిందికి దిగుతుందనీ, ఆ కాలికి చెప్పుండదనీ అనిపించి మేస్త్రి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. కాసేపటికి కళ్ళు తెరిచి తీగ మీద వేలు పెట్టాడు. గుచ్చుకోలేదు. తన జాగ్రత్త అంత బాగా పనిచేసింది. ఏడుపొచ్చింది. ఏడ్చాడు. పైపులు అక్కడే వదిలేసి బయటికొచ్చి, తిన్నగా మిల్లు సంఘం గదికి నడిచాడు.

గది కిక్కిరిసి ఉంది. పెద్దక్క, మిల్లు ఆడవాళ్ళు, లాయరు పిలిస్తే వచ్చి ఒక మూల ఒంటరిగా కూర్చున్న నిదానం భార్య, బల్ల దగ్గర లాయరమ్మ. అతను అటు వెళ్ళడం చూసి, ఒంటరిగా వదలకూడదని షెడ్డువాళ్ళు నలుగురు, డ్రైవర్లు పదిమంది వెనకే వచ్చారు. మేస్త్రి దాచకుండా చెప్పాడు. పైపులు, తీగ, తడిగుడ్డ గది, చెప్పు. నేనే కట్టాను అన్నాడు చివర్న. పెద్దక్క లేచి వచ్చి అతని చెంప ఛెళ్ళుమనిపించింది. ఎవరూ అడ్డు రాలేదు. అతను కదలకుండా నిలబడ్డాడు. ఆవిడ చెయ్యి మళ్ళీ లేచి, మధ్యలోనే ఆగిపోయింది.

లాయరమ్మ ఉన్న సంగతి చెప్పింది. ఒక్కడు ఒప్పుకుంటే ఒక్కడే దోషి. తన మానాన తను కట్టుకున్నాడు, మాకేం తెలుసంటాడు యజమాని. డ్రైవరు మీద తోసింది రేపు మెకానిక్కు మీదికి తోస్తాడు.

"అయితే నన్నూ రాసుకోండి," అన్నాడు షెడ్డులో పనిచేసే నత్తి మెకానిక్కు. ఎప్పుడూ నోరు విప్పని మనిషి. "నేను ప... పదకొండు బండ్లకి కట్టాను. అవన్నీ ఇప్పుడు రోడ్డు మీదే ఉన్నాయి."

గది అట్టుడికింది. పదకొండు కాదు, అందరివీ కలిపితే ముప్పై దాకా ఉంటాయని తేలింది. ఏ బండికి ఎన్ని చక్రాల బ్రేకు లేదో డ్రైవర్లందరికీ తెలుసు. తెలిసే తోలుతున్నారు. మరి ఎందుకు తోలారని పెద్దక్క నిలదీస్తే, బండి ఆపితే మా కడుపు మీద మేమే కొట్టుకున్నట్టు కదమ్మా అన్నాడొక ముసలి డ్రైవరు.

"ఆపకపోతే మా మీద కొడుతున్నారు కదా నాన్నా," అంది పెద్దక్క.

 చాలాసేపు వాదులాట నడిచింది. ఉద్యోగాలు పోతాయన్నారు, లైసెన్సులు లాక్కుంటారన్నారు. అంతా అయ్యాక ఆ ముసలాయనే లేచి, రేపు నా బండి యార్డు దాటదు, ఇన్‌స్పెక్టరు దాని కింద కూడా దూరి చూడాలి అన్నాడు. ఇంక ఒకరి తర్వాత ఒకరు. పెద్దక్క మూల కూర్చున్న నిదానం భార్య పక్కకి వెళ్ళి కూలబడింది. క్షమించమని అడగలేదు. ఊరికే ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

తెల్లవారేసరికి మిల్లు ఆడవాళ్ళు ఆ లారీ చుట్టూ కూర్చున్నారు. గేటు దగ్గర ముసలి కాపలాదారు, తాళం వెయ్యడం మర్చిపోయానమ్మా, వయసైపోయింది అన్నాడు. రాత్రికి రాత్రే కబురందుకుని వచ్చినవాటితో కలిపి, లోపలా బయటా వరసగా ముప్పై ఒక్క లారీలు, ఇంజన్లు ఆపి. ప్రతి బండి దగ్గరా దాని డ్రైవరు.

పదిగంటలకి ఇన్‌స్పెక్టరు, వెనకే పోలీసు జీపు వచ్చాయి. తడిగుడ్డ చేతులు కట్టుకుని చెప్పాడు. మా మెకానిక్కు ఎవరికీ చెప్పకుండా చేసిన పని అండీ, మాకూ నిన్ననే తెలిసింది. మేస్త్రి ముందుకొచ్చి, కట్టింది నేనే, కట్టించింది ఈయన, తియ్యమని నిన్న పైపులిచ్చింది కూడా ఈయనే, అవిగో బండి కింద కాగితంలోనే ఉన్నాయి అన్నాడు. ఇన్‌స్పెక్టరు ఆ లారీ కింద చూసి, రాసుకుని, తన సామాను పెట్టె మూసెయ్యబోయాడు.

"అయ్యా, నా బండి కూడా," అన్నాడు ముసలి డ్రైవరు.

నత్తి మెకానిక్కు ఆ బండి కిందికి దూరి, ఈ కట్టు నా... నాదే, రాసుకోండి అన్నాడు. ఆ పక్క బండి కింద నుంచి ఇంకొకడు. ఇంకొకడు. పధ్నాలుగు మంది మెకానిక్కులు ముప్పై ఒక్క లారీల కింద పడుకుని తమ నేరం తామే చూపించారు. ఇన్‌స్పెక్టరు చాలన్నా ఊరుకోలేదు. నూటయాభై మంది ఆడవాళ్ళు ప్రతి బండి నంబరూ పైకి చదివి, రాశారా అని అడిగారు. ఒక్కడు చేస్తే తప్పు. ముప్పై ఒక్క బండ్లకి పధ్నాలుగు మంది చేస్తే అది పై నుంచి వచ్చిన హుకుం అని ఇన్‌స్పెక్టరు పెన్నుకి కూడా అర్థమైంది. చెప్పుని పెడల్ కింద ఉన్నది ఉన్నట్టే ఫొటో తీయించారు.

అయినా ఆ రోజు బేడీలు పడింది మేస్త్రికే. యజమాని ఊళ్ళో లేడట, కాగితం లేనిదే మేనేజరుని పట్టుకోలేరట. జీపెక్కించబోతుంటే నిదానం భార్య అడ్డమొచ్చి నిలబడింది. ఎస్సై తప్పుకోమన్నాడు, ఆమె తప్పుకోలేదు. ఈసారి అడగాల్సిన పని కూడా లేకపోయింది.

"నిద్రపోలేదమ్మా," అన్నాడు మేస్త్రి. "చివరిదాకా బ్రేకు మీదే ఉంది వాడి కాలు. నేను కట్టేసిన బ్రేకు మీద."

ఆమె తలూపి పక్కకి జరిగింది. పెద్దక్క జీపు కిటికీలోంచి చెయ్యి పెట్టి, నిన్న కొట్టిన చెంపనే ఒకసారి ముట్టుకుంది. కోర్టులో ఇదే మాట చెప్పు, మేమందరం వస్తాం అంది. జీపు కదిలింది. వెనక గోడ దగ్గర ఆ తలుపు మళ్ళీ కిర్రుమంది. మేస్త్రి ఈసారి కళ్ళు మూసుకోలేదు, తల తిప్పి అటే చూశాడు.

జీపు మలుపు తిరగ్గానే, ఇంక బండ్లు తియ్యండి, లోడు ఆలస్యమవుతోంది అన్నాడు తడిగుడ్డ. ఎవరూ కదల్లేదు. మళ్ళీ అన్నాడు. మూడోసారి అరిచాడు, గొంతు చిరిగేలా. అతను అరవగా వినడం ఆ యార్డులో అందరికీ అదే మొదటిసారి. ముప్పై ఒక్క మంది డ్రైవర్లు కేబిన్ల దగ్గరికి వెళ్ళి, తాళాలు పీకి తెచ్చి, నిదానం భార్య పట్టుకున్న కొంగులో ఒక్కొక్కటే వేశారు.