ఐదు వేళ్ల మాట

అబాదీర్ మోచేతుల దాకా పిండిలో ఉన్నాడు. పెదవులు కీర్తనలు వల్లిస్తున్నాయి, చెవులు మాత్రం వీధిలో ఉన్నాయి. గుడి వెనక, పొయ్యి ఉన్న ఈ ఇరుకు గదిని ఊళ్లో బేత్లెహేము అంటారు. రాత్రి క్రిస్మస్ పూజకు రొట్టె ఇక్కడే కాలాలి. పిండి తడిపింది మొదలు చివరి రొట్టె దిగేదాకా కీర్తన తప్ప మరో మాట నోట రాకూడదు. వస్తే పిండి పారబొయ్యాల్సిందే. తండ్రి నేర్పిన కట్టడి అది. ఆయన తర్వాత అబాదీర్ బతుకంతా ఈ పొయ్యి ముందే గడిచింది. కనుబొమ్మలు సగం కాలిన పొట్టి మనిషి. పెళ్లిళ్లలోనూ వెనక వరసలో కూర్చుంటాడు, ఎవరూ ముందుకు రమ్మనరు.

కైరోలో ఇస్త్రీ కొట్టు నడిపే తమ్ముడు వస్ఫీ పండక్కి వస్తానని వదినకు ఫోన్ చేశాడు. తల్లి పోయిన నాడు వాడి రైలు ఆలస్యమైంది. మండే ఎండలు, చీకటి పడకముందే సమాధి చేశారు. వాడొచ్చి ఊరందరి ముందూ, "కుక్కను పాతినట్టు పాతావు కదరా!" అన్నాడు. అన్నను పట్టుకుని 'రా' అన్నాడు. మళ్లీ ఊరి మొహం చూడలేదు. అబాదీర్ కోపం ఎప్పుడో చల్లారింది, భయమే మిగిలింది. ఈసారి కూడా బెడిసికొడితే ఇక బతికుండగా కలవరు.

గుమ్మంలో నీడ పడింది. వాడే. జుట్టు నెరిసింది. ఇస్త్రీ బల్ల మీద వంగీ వంగీ నడుము అలాగే ఉండిపోయింది.

"అన్నా, నువ్వు మాట్లాడకూడదని తెలుసు. అందుకే ఇప్పుడొచ్చా, నువ్వు తిట్టకముందే చెప్పేద్దామని. అమ్మను చూడలేదన్న మంట నీ మీద కక్కాను. తప్పు నాదే. ఉండమంటావా, పొమ్మంటావా?"

అబాదీర్ కీర్తన ఆపకుండానే చెయ్యి పైకి తీసి, ఐదు వేళ్లూ మొగ్గలా కూర్చి చూపించాడు. ఆగరా, కాస్త ఓర్చుకో అని. ఆ ఊళ్లో పసిపిల్లలకైనా తెలిసిన సైగే. కానీ ఆత్రంలో చెయ్యి ఊపేశాడు. అవే వేళ్లు గట్టిగా ఆడితే అర్థం మారిపోతుంది: ఉండు, నీ పని చెప్తా అని.

వస్ఫీ మొహం పాలిపోయింది.

"ఇంకా బెదిరింపేనా? సరేలే, నాకు తగిందే."

వాడు వెనుదిరిగాడు. అబాదీర్ కీర్తననే కేకలా అరిచాడు. వీధిలోవాళ్లు పండగ ఉత్సాహమనుకున్నారు. మళ్లీ పిండి కలిపే వ్యవధి లేదు. ఊరంతటి రొట్టె అతని చేతుల్లో ఉంది. ఏడుస్తూనే రొట్టెల మీద సిలువ ముద్రలు వేశాడు.

చివరి రొట్టె దిగగానే బండ్లు ఆగే చోటికి పరుగెత్తాడు. గుడి కాపలా ముసలి మీఖాయీల్ ఎదురొచ్చాడు.

"మీ వస్ఫీ కోసమా? వాడెక్కిన బండి ఎప్పుడో పోయింది. 'అన్న కోపం తగ్గలేదు మామా' అని కళ్లు తుడుచుకున్నాడు. ఏమన్నావయ్యా వాణ్ని?"

"ఆగమన్నాను మామా."

ఫోన్ చేశాడు. మోగింది, తీయలేదు. మళ్లీ మళ్లీ చేసి, కాళ్లీడ్చుకుంటూ పొయ్యి గదికి తిరిగొచ్చాడు.

గుమ్మం బయట మేకుకు, ఇందాక పరుగులో తను చూడని కొత్త తెల్ల అంగీ వేలాడుతోంది. అబాదీర్ పొట్టి కొలతకే కుట్టించింది, ఇస్త్రీ మడత చెదరలేదు. పిండి అంటకుండా చేతులు మోచేతుల పైకే ఆపించి ఉన్నాయి.